ఉప సర్పంచ్ నుంచి ఎండీ దాకా

మా మండలంలో ఒక నాయకుడున్నాడు. పేరు రాయను. మీ మండలంలోనూ అట్లాంటాయన ఉంటాడు, ఆ పేరు పెట్టుకుని చదవండి. పార్టీ కూడా రాయను. ఇది మీరు చదివేలోపు కండువా మారొచ్చు, ఇప్పటికే మూడోది.

మొదట్లో ఆయన పాత మోటార్ సైకిల్ మీద తిరిగే మధ్యవర్తి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మా సాగర్ రోడ్డు పక్క భూములకు ఎకరం లెక్క పోయి గజం లెక్క వచ్చింది. ఎవరింట్లో బిడ్డ పెళ్లి ఉంది, ఎవరికి ఆపరేషన్ ఉంది, ఏ అన్నదమ్ములకు పడదు, అన్నీ ఆయనకు తెలుసు. అదే ఆయన పెట్టుబడి. ఇప్పుడు ఒక ఇన్‌ఫ్రా కంపెనీకి ఎండీ. విజిటింగ్ కార్డుకు ఒకవైపు కంపెనీ, రెండోవైపు పార్టీ పదవి.

మా మాదిగవాడకు ఉన్నది లావణి పట్టా భూమి. భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చింది. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం దాన్ని అమ్మినా కొన్నా చెల్లదు. చెల్లదు కాబట్టే చవక. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఆయన ఎదిగిన తీరు మొత్తం అర్థమవుతుంది. పక్కన పట్టా చేను కోట్లలో పలుకుతుంటే మా పెదనాయిన దగ్గర కూర్చుని, "ఇది గవర్నమెంటుది, ఎప్పుడన్న గుంజుకుంటది, ఎంతో కొంత తీసుకో" అన్నాడు. మమ్మల్ని కాపాడడానికి రాసిన నిబంధనే ఆయన చేతిలో బేరమాడే కర్ర అయింది.

ఆ అగ్రిమెంటు ఒకసారి నా చేతికొచ్చింది. తెలుగులో డాక్టరేట్ చేసినందుకు అలవాటు కొద్దీ మాట మాట చదివాను. ఎవరి బలవంతం లేకుండా, పూర్తి ఇష్టంతో ఇస్తున్నానని ఉంది. మా పెదనాయిన ఇష్టం సంగతి ఒక కాగితంలో కనబడడం అదే మొదటిసారి. కింద వేలిముద్ర. సాక్షులిద్దరూ మా వాడవాళ్లే.

రిజిస్ట్రేషన్ కాని భూమితో ఏం చేస్తాడని అడుగుతారేమో. ప్లాట్లన్నీ పక్క పట్టా భూమిలో వేశాడు. మా చెలకలు ఆ వెంచర్‌కు పోయే దారి అయ్యాయి, పార్కు అయ్యాయి. బ్యాంకు లోన్ తీసుకుని అక్కడ ప్లాటు కొన్న చిన్న ఉద్యోగులకు ఈ సంగతి తెలియదు. వాళ్ల మీద నాకు కోపం లేదు.

2019 జనవరి పంచాయతీ ఎన్నికల్లో మా సర్పంచ్ సీటు ఎస్సీ మహిళకు వచ్చింది. మా చిన్నమ్మ వరసామె గెలిచింది, వాడలో డప్పులు మోగాయి. ఆయన వార్డు మెంబరుగా గెలిచి ఉప సర్పంచ్ అయ్యాడు. ఇంత చిన్న పదవెందుకని నవ్వినవాళ్లున్నారు. అప్పటికి 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా కావాల్సి వచ్చింది. వాడలో మోరీ కట్టించిన బిల్లు కోసం చిన్నమ్మ ఆయన గేటు ముందు నిలబడిన రోజులున్నాయి. వెంచర్ దారికి వీధి దీపాలు మాత్రం ఏ ఆలస్యం లేకుండా వెలిగాయి.

2020లో ధరణి వచ్చింది. పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ అందులో లేకుండా పోయింది. ఏళ్లకేళ్లు దున్నింది మేమేనని చెప్పే గడి పోయింది. అప్పుడు మిగిలిన రుజువు పాత పహాణీలే.

ఏప్రిల్ 14న విగ్రహానికి అందరికన్నా పెద్ద దండ ఆయనదే. డీజే ఖర్చూ ఆయనదే. మా కాలేజీ పిల్లలు కొందరు ఆయన ఆఫీసులో ఫోన్లు చేస్తారు, ఆదివారం కస్టమర్లను సైట్‌కు తీసుకుపోతారు. అందులో ఒకడు మొన్న నాతో, "సార్, నా ఫీజు ఆయనే కట్టిండు. ఆయన మీద నేనెట్ల మాట్లాడాలె?" అన్నాడు. వాడి తాత భూమి కూడా ఆ దారిలోనే ఉంది. "ఫీజు కట్టినందుకు దండం పెట్టు. మీ తాత కాగితం జిరాక్సు కూడా అడుగు" అన్నాను. అడిగాడు. ఇంకా ఇవ్వలేదు, ఆదివారం పని మాత్రం ఆపేశారు.

ఆ చట్టం నాలుగో సెక్షన్ కింద కొన్నవాళ్లను ఖాళీ చేయించి అసలు పట్టాదారుకో వారసులకో భూమి తిరిగి ఇప్పించే అధికారం కలెక్టర్‌కు ఉంది. పదకొండు ఇళ్ల తరఫున పాత పహాణీల సర్టిఫైడ్ కాపీలకు తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాం. మొదటి దరఖాస్తు రాసింది ఆ పిల్లవాడే. మీ ఊళ్లో లావణి పట్టా ఉన్న ఇళ్లకు వెళ్లండి. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దని చెప్పండి.

జై భీమ్.