మంజీర తీరమున మూగజీవుల ఆరోగ్యము

ప్రకృతి శోభను జూడ గోరువారు సాధారణముగా కొండలకో తీర్థములకో పోవుదురు. పొగగొట్టములున్న చోటికి బోవువా రరుదు. అయినను గడచిన పుష్యమాసమున మేము నలుగురము స్త్రీలము హైదరాబాదునుండి బొంబాయి మార్గమున బయలుదేరి పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములను జూచి వచ్చితిమి. అడవి మృగములకును పక్షులకును రోగము లెట్లు వచ్చును? వానిని శాస్త్రజ్ఞు లెట్లు కనిపెట్టుదురు? వానితో గృహిణుల కేమి పని? ఈ ప్రశ్నలకు సమాధానము లాదారి పొడవునను దొరకునని విని మే మీ ప్రయాణమునకు బూనుకొంటిమి.

పటాన్‌చెరు హైదరాబాదునకు పడమర సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్నది. దానికావల ఇస్నాపూరు, రుద్రారము, కంది గ్రామములు, ఆపిమ్మట సంగారెడ్డి. జొన్నచేలతో నిండియుండిన యీ నేలమీద 1970 దశకమునుండి కర్మాగారములు వెలయ సాగినవి. ఇప్పుడు బాట కిరుప్రక్కల నెత్తైన గోడలు, నీటితొట్లు, పొగగొట్టములు కనబడును. మన యింటి మందులపెట్టెలోని మాత్రలకు వలసిన మూలద్రవ్యములు తయారగు ప్రదేశములలో నిది ముఖ్యమైనది. జ్వరము తగిలిన బిడ్డకు మందు వేయు తల్లికి ఈ యూరిపేరు తెలియకపోవచ్చును గాని, ఈ యూరితో నామెకు సంబంధము లేకపోలేదు.

ఇచ్చట మొదట చూడదగినది ఇక్రిశాట్. ఇది మెట్టపంటల పరిశోధనకై 1972లో నెలకొల్పబడిన అంతర్జాతీయ సంస్థ. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుసెనగ యిందలి ప్రధాన సస్యములు. దీని క్షేత్రము సుమారు 1,400 హెక్టారులు. లోపల చేలేగాక చెరువులును, గడ్డిబీళ్లును, తోపులును గలవు. అందుచేత 200లకు పైగా పక్షిజాతుల నిచ్చట గుర్తించినారు. కర్మాగారముల నడుమ ఈ క్షేత్ర మొక ద్వీపమువలె నున్నది. కాని పక్షికి ప్రహరీగోడ యెక్కడిది? ఉదయ మొక చెరువున నీరు ద్రావి సాయంకాలము వేరొక చెరువున వ్రాలును. ఆ రెండవ చెరువునీ రెట్టిదో దానినిబట్టి దాని యాయుర్దాయ ముండును.

ఈ మాట నిజమని చూపుటకు పొరుగుననే నిదర్శనము గలదు. పటాన్‌చెరు సమీపమున అమీన్‌పూరు పెద్దచెరువు కుతుబ్‌షాహీల కాలమునాటిది. వలసపక్షుల కాశ్రయమై యున్నందున 2016లో దీనిని జీవవైవిధ్య వారసత్వస్థలముగా ప్రభుత్వము ప్రకటించినది. మరుసటి సంవత్సరమే, 2017 అక్టోబరులో, చేరువనున్న గండిగూడెము చెరువులో చేపలు రాసులు రాసులుగా చచ్చి తేలినవి. ఆ చేపలనే నమ్ముకొన్న బెస్తవారి సంసారము లేమి కావలెను? ఒక చెరువునకు గౌరవము, ప్రక్కచెరువునకు మరణము. రెంటిపైని ఎగురు కొంగ మాత్ర మొక్కటియే.

పటాన్‌చెరు ప్రాంతపు నీరు ఇసుకవాగులోనికిని, అది నక్కవాగులోనికిని, అది మంజీరలోనికిని, మంజీర గోదావరిలోనికిని పోవును. స్వీడను దేశమందలి గోటెన్‌బర్గు విశ్వవిద్యాలయమునకు చెందిన జోకిం లార్సను మొదలగువారు, సుమారు 90 మందుల కర్మాగారముల మురుగు శుద్ధియై వెలువడు చోట నీటిని పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. సిప్రోఫ్లాక్సాసిను అను ఆంటీబయాటిక్ మందు ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు నుండెను. ఆ మందును సేవించిన రోగి రక్తములో నుండు పరిమాణముకంటె నిది యెక్కువ. ఆ నీటినే 500 బిందెలలో నొక్క బిందె చొప్పున పలుచన చేసి కప్పపిల్లల నందు పెంచి చూడగా, వాని బరువు నూటికి 40 వంతులు తగ్గిపోయెనని 2009లో వెలువడిన మరియొక పరిశోధన చెప్పుచున్నది. తరువాతి కాలమున ఆ మురుగును గొట్టములద్వారా నగరపు శుద్ధిశాలకు మళ్లించిరి గాని, నేలలోను బురదలోను నింకిన మందు గొట్టముతో బోవునది కాదు.

కప్పపిల్ల చిక్కిపోయిన మన కేమి యని యెవరైన ననవచ్చును. పొలములో కలుపు తీయునప్పుడు లేతమొక్కలు ఊడివచ్చును; వేరు గట్టిపడిన తుంగ మిగిలి, మరల అదియే వ్యాపించును. మందు కలిసిన నీటిలో సూక్ష్మజీవుల గతియు నట్టిదే. బలహీనములు నశించును, మందునకు లొంగనివి మిగిలి వృద్ధి యగును. అంతియేకాదు, లొంగని గుణమును పొరుగుజీవులకు గూడ పంచిపెట్టును. ఈ ప్రాంతపు కాజీపల్లి చెరువులో నిట్టి గుణమును గలిగించు జన్యువులు స్వీడనులోని యొక చెరువునకంటె సుమారు 7,000 రెట్లు హెచ్చుగా నున్నట్లు 2014లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చెరువున వ్రాలిన బాతు వానిని తన కడుపులో నుంచుకొని యెక్కడికైనను గొనిపోగలదు. బాలింతకు జ్వరము వచ్చి మందు పనిచేయనినాడు, ఆ బాతునకును మనకును గల చుట్టరికము తెలియవచ్చును.

ఇస్నాపూరు దాటిన తరువాత చెట్టునీడను మేకలను గాచుకొనుచున్న యొక వృద్ధురాలితో మాటలాడితిమి. “అవ్వా, ఈ ప్రక్కల రాబందులు కనబడునా?” యని యడుగగా నామె నవ్వి, “ఎక్కడియి బిడ్డా! మా చిన్నప్పుడు గొడ్డు సస్తె ఊరవతల ఏస్తుండిరి. పొద్దుగూకెటాళ్లకు బొక్కలే మిగులుతుండె. ఇప్పుడు కుక్కలే పీక్కతింటున్నయి” అనెను.

ఆమె చెప్పినది దేశమంతటి కథ. 1990 దశకమున భారతదేశమున రాబందులు వేగముగా క్షీణించినవి. కొన్ని జాతులు 2007 నాటికి నూటికి 97 వంతులకు మించి నశించినవి. ఏదో క్రొత్త తెగులని మొదట తలంచిరి. 2004లో లిండ్సే ఓక్సు మొదలగువారు పాకిస్తానులో చచ్చిన రాబందులను కోసి చూచి నిజము దెలిపిరి. పశువుల నొప్పులకు వాడు డైక్లోఫెనాకు అను మందే కారణము. ఆ మందు పుచ్చుకొని చచ్చిన పశువును తిన్న రాబందు మూత్రపిండములు చెడి, కొలది దినములలో మరణించును. అట్టి కళేబరము నూటి కొక్కటి లేకపోయినను జాతి యంతయు క్షీణించుటకు చాలును. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున దీనిని నిషేధించినది. దానికి బదులుగా రాబందులకు హాని చేయని మెలాక్సికాము అను మందు గలదు. రాబందులు తగ్గినచోట కళేబరములు కుక్కల పాలగును, కుక్కలు పెరుగును, పిచ్చికుక్కకాటు భయమును పెరుగును. ప్రాణము నిలుపుటకు చేసిన మందు, తెలియక వాడుటచే, ఊరిని శుభ్రపరచు పక్షికి విషమయ్యెను.

మధ్యాహ్నమునకు మేము సంగారెడ్డి జేరి, ఆవల మంజీర తీరమునకు బోతిమి. ఈ నీటిభాగము 1978లో వన్యప్రాణుల అభయారణ్యముగా నేర్పడినది. జంటనగరములకు త్రాగునీ రిచ్చు జలాశయమే మొసళ్లకు నివాసము. ఇట్టి కలయిక అరుదు. ఇసుకతిన్నెపై నొక మొసలి నోరు తెరచుకొని కదలక యుండెను. అది కోపముచేత గాదు, దేహపు వేడిమిని తగ్గించుకొనుటకని తెలిసినవారు చెప్పిరి. మొసలి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. ఆ ఇసుక వేడిమినిబట్టి పిల్లలు ఆడువో మగవో నిర్ణయమగును. ముసలివియు, జబ్బువియు నైన చేపలను, చచ్చిన జంతువులను తిని మొసలి నీటిని బాగుచేయును. మన ముఖము చూచి భయపెట్టునదే మన కడవలోని నీటికి కావలి.

దూరమున నీటిపై తెల్లని తలమీద రెండు నల్లపట్టెలు గల పెద్ద బాతుల గుంపు కనబడెను. ఇవి హిమాలయములను దాటి మధ్యాసియా సరస్సులనుండి శీతకాలమున వచ్చును. 2005లో చైనాలోని చింగ్‌హాయి సరస్సున పక్షిజ్వరము సోకి 6,000లకు పైగా పక్షులు మరణించెను. వానిలో నెక్కువభాగ మీ జాతివే. ఆ వ్యాధి కోళ్లపెంపకపు శాలలలో ప్రబలి అడవిపక్షులకు బోయినది. అడవిపక్షులనుండి మరల కోళ్లకు వచ్చును. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లకు సోకినదియు నీ వ్యాధియే. అందుచేతనే పక్షుల కాళ్లకు కడియములు వేసి వాని రాకపోకలను గుర్తించుట, రెట్టలను పరీక్షించుట శాస్త్రజ్ఞుల నిత్యకృత్యములు. అడవిజీవి తన బాధను జెప్పుకొనలేదు, వైద్యునియొద్దకు రాలేదు. రాలిన ఈక, రెట్ట, శవము, ఇవియే దాని వాఙ్మూలము. మైసూరు రాష్ట్రపు క్యాసనూరు అడవిలో 1957లో కోతులు చచ్చిపడుటనుబట్టియే ఒక క్రొత్త జ్వరము బయటపడినది. ఆ జ్వరము మనుష్యులకును వచ్చెను.

రోగము మృగమునుండి మనకు వచ్చునని మాత్రమే తలంచుట న్యాయము కాదు. 2021 మే నెలలో హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని 8 సింహములకు కోవిడు సోకినది. మన దేశమున జంతుప్రదర్శనశాలలో నట్లు బయటపడుట అదియే మొదలు. నగరములోని సి.సి.ఎం.బి. సంస్థవారు, అంతరించుచున్న జీవజాతులకై అత్తాపూరున నెలకొల్పిన ప్రయోగశాల ద్వారా వాని ముక్కులనుండి తీసిన ద్రవమును పరీక్షించి వ్యాధిని నిర్ధారించిరి. సింహములు కోలుకొన్నవి. అది మనుష్యులనుండియే సోకియుండునని తలంచిరి. 2018లో గిరి అడవిలో 20కి పైగా సింహములు మరణించినప్పుడు, వానిలో కుక్కలకు వచ్చు డిస్టెంపరు అను వ్యాధి క్రిమి కనబడినది. ఊరికుక్కకు టీకా వేయకపోవుట అడవిసింహమున కపాయ మగుట విచిత్రమైనను నిజము.

సోదరీమణులారా! కర్మాగారముల మురుగును నియమించుట ప్రభుత్వముపని. అందుకై మనము గట్టిగా అడుగవలెను. ఇంటిలో చేయదగిన పనులును గలవు. మిగిలిన మాత్రలను మురుగుతొట్టిలో పారవేయరాదు. వైద్యుడు చెప్పనిదే ఆంటీబయాటిక్ మందు కొని వాడరాదు. చెప్పినచో నడుమ మానరాదు. కోళ్ల వ్యర్థములను చెరువుగట్టున వేయనీయరాదు. పెంపుడుకుక్కకు ఏటేట టీకా వేయింపవలెను. పశువునకు మందు వేయించునప్పుడు, అది రాబందులకు హాని చేయనిదేనా యని యొక్కమాట యడుగవలెను.

ప్రొద్దు వాలువేళ మంజీర యొడ్డున ఆ బాతులు పెద్దగా కూయుచు లేచి మరియొక తిన్నెకు బోయినవి. చలికాలము గడచిన పిమ్మట అవి తిరిగి హిమాలయముల నెక్కును. అవి యెంత ఆరోగ్యముతో వెళ్లునో, వచ్చు సంవత్సర మెన్ని తిరిగి వచ్చునో, ఈ ప్రాంతమువారు లెక్కపెట్టి చూచుకొనవలెను. మన క్షేమసమాచారము గూడ నాలెక్కలో నున్నది.