ఫ్రీయేగా!

ఇంగ్లీషు మాటల్లో మన ఇళ్ళల్లోకి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట వాల్చుకు కూర్చున్నవి బోలెడు. బస్సు, కాఫీ, గ్లాసు - వీటిని ఇవాళ ఎవరూ పరాయి పిల్లలనుకోరు. పాపం అవి కూడా వచ్చిన పనేదో చూసుకుంటాయి. బస్సు ఎప్పుడూ బస్సే, కాఫీ ఎప్పుడూ కాఫీయే. "ఫ్రీ" మాత్రం అలా కాదు సుమండీ! ఇది పెళ్ళివారింట్లో పెద్దమ్మలాంటిది. ఏ గదిలో చూసినా ఆవిడే. ఏ గదిలో వుంటే ఆ గదికి తగ్గ మాట.

కావాలంటే ఒక్కరోజు చెవి ఒగ్గి వినండి. బిగుసుకుపోయిన కుళాయికి ప్లంబరు నాలుగు చుక్కలు నూనె వేసి "ఫ్రీ అయిందమ్మా" అంటాడు. డబ్బులు అడగడేమోనని ఆశపడకండి. ఫ్రీ అయింది కుళాయి ఒక్కటే. టైలరు దగ్గరికి వెళ్ళి "ఈసారి చంకల దగ్గర కాస్త ఫ్రీగా కుట్టవయ్యా" అంటాం. కూలి ఎగ్గొడతామని అతనూ బెంగపడడు. చుట్టాలింటికి వెళితే "మొహమాటం వద్దు, ఫ్రీగా వుండండి" అంటారు. పెళ్ళిచూపుల్లో పిల్ల నాలుగు మాటలు మాట్లాడితే "అమ్మాయి ఎంత ఫ్రీగా మాట్లాడిందో!" అని మెచ్చుకుంటూ కారెక్కుతారు. అదే పిల్ల కాపురానికొచ్చి అవే నాలుగు మాటలు మాట్లాడితే "మరీ అంత ఫ్రీ ఏమిటి?" అంటారు. మాటా మారలేదు, పిల్లా మారలేదు. గుమ్మం మారింది, అంతే.

మా అత్తగారికి చక్కెర వ్యాధి వచ్చిన కొత్తలో మావారు షుగర్ ఫ్రీ బిస్కెట్లు తెచ్చారు. ఆవిడ పొట్లం అటూ ఇటూ తిప్పి, "పంచదార ఫ్రీ అన్నారుగా, ఏదీ? కొట్టువాడు నొక్కేశాడా?" అన్నారు. "ఫ్రీ అంటే అందులో లేదని అర్థమండీ" అన్నాను. "అలాగా! మరి సబ్బులపొడికి బకెట్టు ఫ్రీ అంటే బకెట్టు లేదనా?" అన్నారావిడ. ఆ ప్రశ్నకి మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

మనకైతే ఏ మాటకి ఆ మాట వుంది. డబ్బు పుచ్చుకోకపోతే ఉచితం, పని లేకపోతే తీరిక, అడ్డు లేకపోతే స్వేచ్ఛ, బిగువు లేకపోతే వదులు, బిడియం లేకపోతే చనువు. ఇంగ్లీషువాళ్ళు వీటన్నిటినీ ఒకే గిన్నెలో పోసి కలిపేశారు. దాంతో వాళ్ళకీ తంటాలే. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ఆయన, కంప్యూటరు ప్రోగ్రాముల్ని ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు అంటూ ఒక ఉద్యమం లేవదీశాడు. దానికి "ఫ్రీ సాఫ్ట్‌వేర్" అని పేరు పెట్టాడు. ఇక అప్పటినించీ "అయ్యా, నేనంటున్నది ధర సంగతి కాదు, స్వేచ్ఛ సంగతి" అని చెప్పుకోవడమే ఆయన పనైపోయింది. అదే తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనేస్తే గొడవే లేదు.

ఒక్కోసారి మాత్రం ఆ రెండర్థాలూ చేయీ చేయీ పట్టుకుని వస్తాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఫ్రీ చేశారు. "ఊరికే వస్తోందని తిరుగుతున్నారు" అని సణిగేవాళ్ళు సణుగుతూనే వున్నారు. మా పక్కింటి పిన్నిగారు ఇదివరకు కూకట్‌పల్లినించి దిల్‌సుఖ్‌నగర్‌లో చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళాలంటే కొడుకు జేబువంకా కోడలి మొహంవంకా చూడాల్సి వచ్చేది. ఇప్పుడు ఆధార్ కార్డు సంచీలో వేసుకుని, కండక్టరిచ్చే జీరో టికెట్టు పుచ్చుకుని, కిటికీ పక్కన కూర్చుంటున్నారు. టికెట్టు ఉచితమే, నిజమే. కానీ ఆవిడకి దక్కింది ఉచితం కాదు, ఎవర్నీ అడగనక్కర్లేకపోవడం. ఇంగ్లీషువాళ్ళు రెంటికీ ఒకే మాట ఎందుకు పెట్టుకున్నారో ఆవిడ మొహం చూస్తే కాస్త అర్థమవుతుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మన తెలుగు కూడా తక్కువ తినలేదు. మనకీ ఇలాంటి గడుసుమాట ఒకటుంది - "ఊరికే". ఊరికే ఇచ్చాడంటే డబ్బు పుచ్చుకోలేదని. ఊరికే కూర్చుందంటే పని లేదని. "మీ ఆవిడేం చేస్తారండీ?" అని ఎవరో అడిగితే "ఏం లేదు, ఊరికే ఇంట్లోనే వుంటుంది" అంటారు మగమహారాజులు. పని లేకుండా వుంటుందనా? జీతం లేకుండా వుంటుందనా? అన్నవారికీ తెలియదు, విన్నవారికీ పట్టదు. ఈ తరంవాళ్ళు అదే మాటని ఇంగ్లీషు చేసి "నువ్వు ఫ్రీయేగా" అంటున్నారు. నువ్వు ఫ్రీయేగా, గ్యాసు వాడొస్తే చూడు. నువ్వు ఫ్రీయేగా, బ్యాంకుకి వెళ్ళిరా. నువ్వు ఫ్రీయేగా, పెళ్ళిసారె సర్దిపెట్టు.

మన ఫ్రీ ఎంతో ప్రభుత్వంవారు లెక్క కట్టారు. 2024లో దేశమంతటా జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారనీ, అదే పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారనీ తేలింది. అంటే మనవి దగ్గర దగ్గర అయిదు గంటలు. పిల్లల్నీ పెద్దల్నీ కనిపెట్టుకుని వుండడం ఇందులో లేదు, దాని పద్దు వేరు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గితే వాళ్ళకీ తొమ్మిది తగ్గిపోయాయి. ఆ మిగిలిన పని మిక్సీలూ వాషింగ్ మెషీన్లూ చేస్తున్నాయి కాబోలు. వాటికైనా కరెంటు బిల్లు కడుతున్నాం!

అసలీ మాట పుట్టిల్లెక్కడా అని చూస్తే భలే తమాషా బయటపడింది. ఇంగ్లీషు "ఫ్రీ", మన సంస్కృతంలోని "ప్రియ" తోడబుట్టినవాళ్ళట! పితృ అన్నది అటు వెళ్ళి ఫాదర్ అయినట్టు, పాదం ఫుట్ అయినట్టు, ఇక్కడి "ప" అక్కడ "ఫ" అయింది. ఫ్రెండ్ కూడా ఆ ఇంటి పిల్లే. మొదట్లో ఆ మాటకి అర్థం ప్రియమైన వాళ్ళు, మనవాళ్ళు అని. బానిసలుండే ఆ కాలంలో బానిసలు కాని ఇంటిమనుషుల్ని అలా అన్నారు. అందులోంచే స్వేచ్ఛ అనే అర్థం వచ్చింది. డబ్బక్కర్లేదన్నది చాలా తరవాత తగులుకున్న అర్థం. ఇక మన ప్రియం సంగతి చూడండి. చింతపండు ప్రియమైపోయిందంటే ధర మండిపోతోందని. ఇద్దరక్కచెల్లెళ్ళలో సీమకి కాపురానికెళ్ళిన పిల్ల ఊరికే దొరికేదైపోయింది, మనింట వున్న పిల్ల ఖరీదైనదైపోయింది!

మొన్నీమధ్య డల్లాస్‌నించి మా అమ్మాయి ఫోను చేసింది. దానికి మార్చిలో పురుడు. "అమ్మా, నువ్వెలాగూ ఫ్రీయేగా, ఆర్నెల్లు వచ్చి వుండకూడదూ?" అంది. పిలవకపోయినా వెళ్ళేదాన్నే. కన్నకూతురి పురిటికి వెళ్ళని తల్లెవరు? అయినా ఆ ఒక్క మాట గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. నలభై ఏళ్ళ క్రితం పెళ్ళిలో అటకెక్కించిన వీణని పోయినేడే దింపాను. తీగలు మార్పించుకుని వారానికి మూడు రోజులు మళ్ళీ సరళీస్వరాలనించీ మొదలుపెట్టాను. ఆ సంగతి దానికీ తెలుసు. తెలిసీ ఫ్రీ అంది.

"వస్తానే తల్లీ, ప్రియంగా వస్తాను. పథ్యం వండుతాను, పసివాడికి నీళ్ళు పోస్తాను, రాత్రిళ్ళు ఎత్తుకు తిప్పుతాను. ఆ పనులున్నంతసేపూ నేను ఫ్రీ కాదు, అది గుర్తుంచుకో. అక్కడినించీ మా టీచరుగారి దగ్గర కంప్యూటర్లో పాఠం చెప్పించుకుంటాను. ఆ గంటా గది తలుపు వేసుకుంటాను" అన్నాను.

"మరి ఆ గంటలో ఏదైనా అవసరమొస్తే?" అంది.

"మీ ఆయన్ని పిలు. ఆ గంట నేను ఫ్రీ" అన్నాను.