పిల్లికూతలు - పీల్చే మందు

ఉబ్బసాన్ని మన పెద్దవాళ్ళు ఎగపోత అనేవారు. ఒడియావారు శ్వాసరోగం అంటారు. పేరేదైనా బాధ ఒకటే. 1992 అక్టోబరు 2 వరకు ఒకే జిల్లాగా ఉన్న కోరాపుట్, రాయగడ ప్రాంతంలోనే వైద్యుడిగా నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. మన సంఘం కుటుంబాలలో చాలామంది ఇళ్ళల్లో ఈ జబ్బుతో బాధపడేవారు ఒకరైనా ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో పొగమంచు, వానాకాలంలో గోడలకు చెమ్మ, బూజు. రాయగడ నాగావళి ఒడ్డున పల్లంలో ఉంది. అక్కడ ఎండ, దుమ్ము ఎక్కువ. రాయగడలో హాయిగా తిరిగిన ఉద్యోగి కోరాపుట్ బదిలీ అయిన మొదటి చలికాలానికే పిల్లికూతలతో నా దగ్గరకు వచ్చేవాడు. మరొకరికి అక్కడి చలిగాలే హాయి, కిందకు దిగితే ఆయాసం. ఒకరికి పడనిది అందరికీ పడకూడదని లేదు. పెరుగు, అరటిపండు మాన్పించేసి బిడ్డను చిక్కిపోనిచ్చే తల్లులకు నేను మొదట చెప్పే మాట ఇదే.

రోగి ఆయాసంతో వస్తే నేను స్టెతస్కోపు పెట్టే ముందే ప్రశ్నలు వేస్తాను. దగ్గు తెల్లవారుజామున ఎక్కువా? నవ్వినా, పరుగెత్తినా వస్తుందా? కొన్నాళ్ళు పూర్తిగా తగ్గి మళ్ళీ వస్తోందా? తుమ్ములు, ముక్కు దురద ఉన్నాయా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? సగం జబ్బు ఈ జవాబుల్లోనే తెలిసిపోతుంది. పగలు పరీక్ష చేసినప్పుడు ఛాతీ శుభ్రంగా వినిపించవచ్చు. అంతమాత్రాన రోగి రాత్రి పడిన అవస్థ అబద్ధం కాదు.

అయితే పిల్లికూతలన్నీ ఉబ్బసం కావు. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కఫం పరీక్ష చేయించి క్షయ కాదని తేల్చుకోవాలి. బోదకాలు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చినవారికి రాత్రిపూట దగ్గు, రక్తంలో ఇసినోఫిల్ కణాలు బాగా పెరగడం కనిపిస్తే అది ఇసినోఫిలియా కావచ్చు. దానికి మూడు వారాల డైఇథైల్ కార్బమజీన్ మాత్రలతో మంచి గుణం కనిపిస్తుంది. గుండె కవాటం దెబ్బతిన్నా పడుకోగానే ఆయాసం వస్తుంది. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ఊదిన, అడ్డపొగ తాగిన ముసలమ్మల ఊపిరితిత్తుల జబ్బు వేరు. అది ఉబ్బసంలాగా వచ్చి పోయేది కాదు.

అనుమానం తీర్చుకోవడానికి స్పైరోమెట్రీ ఉంది. గొట్టంలోకి గట్టిగా ఊదించి, సాల్బుటమాల్ నాలుగు సార్లు పీల్పించి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ ఊదిస్తాం. మొదటి సెకనులో బయటకు వచ్చే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లకు మించి పెరిగితే ఉబ్బసం అన్న నిర్ధారణకు మంచి ఆధారం దొరికినట్టే. ఒకప్పుడు ఇటువంటి పరీక్షకు పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ పంపేవాళ్ళం. కోరాపుట్‌లోనే మెడికల్ కాలేజీ 2017లో మొదలైంది.

జబ్బు కనిపెట్టడం కన్నా కష్టం పీల్చే మందుకు ఒప్పించడం. "పంపు అలవాటైతే ఇక వదలదు కదా డాక్టరు గారూ, మాత్ర రాయండి" అంటారు. నేను ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాములు ఉంటుంది. పంపు ఒకసారి నొక్కితే 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్ర నలభై నొక్కులతో సమానం. మాత్ర ఒళ్ళంతా తిరిగి చేతులు వణికిస్తుంది, గుండె దడ తెస్తుంది. పంపు మందు తిన్నగా వెళ్ళవలసిన చోటికే వెళుతుంది.

ఈ భయం ఒక ఆడపిల్ల ప్రాణం మీదకు తెచ్చింది. ఊరు చెప్పను. పెళ్ళి కుదిరిన తర్వాత వాళ్ళమ్మ పంపును బీరువాలో దాచేసింది. "మగపెళ్ళివారి కళ్ళబడితే ఏమవుతుంది?" అని ఆమె బాధ. ముహూర్తం అయిదు రోజులుందనగా అర్ధరాత్రి ఆ అమ్మాయిని ఆటోలో తెచ్చారు. ఒక్క వాక్యం పూర్తిగా పలకలేకపోతోంది. పెదవులు నల్లబడ్డాయి. ఆక్సిజను పెట్టి, స్పేసరు ద్వారా ఇరవై నిమిషాలకోసారి మందు పీల్పించి, స్టెరాయిడ్ ఇచ్చాము. తెల్లవారేసరికి తేరుకుంది. మర్నాడు చూడవచ్చిన మామగారికి ఆ అమ్మాయే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన నన్ను అడిగింది ఒక్కటే - "మందు వాడితే బాగుంటుందా?" బాగుంటుందన్నాను. పెళ్ళి అదే ముహూర్తానికి జరిగింది. సారెపెట్టెలో పసుపు కుంకుమలతో పాటు రెండు పంపులు కూడా సర్దింది ఆ తల్లి.

ఆ పంపుల్లో ఒకటి ఉపశమనానికి, రెండోది వాపు తగ్గించే స్టెరాయిడ్‌ది. ఉబ్బసానికి మూలం శ్వాసనాళాల వాపు. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే సాల్బుటమాల్ పీల్చి ఊరుకుంటే ఆ వాపు తగ్గదు. అందుకే 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవారికి, 12 ఏళ్ళు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వవద్దని చెబుతున్నాయి. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పంపు ఇప్పుడు చాలామందికి సరిపోతుంది. స్టెరాయిడ్ పీల్చిన తర్వాత నోరు పుక్కిలించడం మరవకండి.

స్పేసరు దొరకకపోతే 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి పట్టేంత రంధ్రం చేసి, సందులు మూసి వాడవచ్చు. దక్షిణాఫ్రికా వైద్యులు పిల్లల మీద పరీక్షించి, ఇది కొన్న స్పేసరులాగే పనిచేస్తుందని 1999లో ప్రకటించారు.

మృగశిర కార్తెకు చేపమందు కోసం హైదరాబాదు వెళ్ళేవారు మా ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. వెళ్ళిరండి, పంపు మాత్రం మానకండి, సంచీలో వెంట తీసుకెళ్ళండి అంటాను.

మాట తడబడుతున్నా, పెదవులు నీలంగా మారినా, పంపు వాడినా ఆయాసం తగ్గకపోయినా తెల్లవారే దాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి, దారిలోనూ మందు పీలుస్తూనే ఉండండి. మిగతా రోజుల్లో మీ పిల్లలను ఆటలకు పంపండి, పరుగెత్తనివ్వండి. కళ్ళజోడు పెట్టుకున్నవాణ్ణి మనం రోగి అనడం లేదు కదా! పంపు జేబులో పెట్టుకున్నవాడూ అంతే.