లంబసింగి పండ్లు

గత పుష్యమాసమున మేము అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి పోయితిమి. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున నున్న యీ గ్రామమున చలికాలపు ఉదయవేళల పొగమంచు తోటలను గప్పియుండును. ఆ మంచుమాటున ఎఱ్ఱని స్ట్రాబెరీ పండ్లు! మంచము విడువలేని మా అత్తగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆమెకు రుచి చూపవలెనని కిలో పండ్లు కొంటిమి. అవి మిగుల సుకుమారములు, సాయంకాలమునకే మెత్తబడజొచ్చినవి. "ఇల్లు చేరువఱకు నిలువవు" అని మావారనిరి.

మేము దిగిన యింటి యిల్లాలు తన పొయ్యి నిచ్చెను. పండ్లు కడిగి, తొడిమలు దీసి, ముక్కలుగ గోసి, ముప్పాతిక కిలో పంచదార కలిపి గంటసేపుంచగా నీరూరెను. వెడల్పు గిన్నెలో నెంతసేపు మరిగించినను జామ్ గట్టిపడదయ్యె. పండును గట్టిపఱచు పెక్టిన్ స్ట్రాబెరీలందు స్వల్పమనియు, పులుపు దానికి తోడ్పడుననియు చదివినది స్ఫురించి, ఆ యిల్లాలి నడిగి రెండు నిమ్మకాయలు పిండితిమి. చల్లని పళ్లెముపై చుక్క వేసి వ్రేలితో నెట్టగా ముడుతపడెను. వెంటనే దింపి, వేడినీట మరిగించి యారబెట్టిన సీసాకెత్తితిమి.

అత్తగారు రొట్టెముక్కతో రుచిచూచి, "మీ కొండ పుల్లగా నున్నదే, అమ్మాయీ!" అని చాలదినములకు నవ్విరి.

సోదరీమణులారా, అటు పోయినచో నిమ్మకాయలు మఱవకుడు.