ఎరువు పడని పూలు

ఎడ్జ్‌వుడ్ కొండ దగ్గరికి మేం చేరేసరికి పసిఫిక్ మీంచి వచ్చిన పొగమంచు ఇంకా విడలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన, రెడ్‌వుడ్ సిటీని ఆనుకుని ఉన్న 467 ఎకరాల రక్షిత ప్రాంతం ఇది. వసంతంలో శని, ఆదివారాల్లో 'ఫ్రెండ్స్ ఆఫ్ ఎడ్జ్‌వుడ్' అనే సంస్థ కార్యకర్తలు వచ్చినవాళ్లని వెంటబెట్టుకుని తిప్పి పూలు చూపిస్తారు. పైసా తీసుకోరు. మా అన్నయ్య కొడుకు ఏళ్ల తరబడి ఈ కొండ పక్కనుంచే, 280 ఫ్రీవే మీద ఆఫీసుకు వెళ్తున్నాడు. లోపల అడుగుపెట్టడం మాత్రం వాడికీ ఇదే మొదలు.

నేను చూడాలనుకున్నది బ్లూ ఐడ్ గ్రాస్. శాస్త్రనామం సిసిరింకియం బెల్లమ్. పేరులో గడ్డి ఉన్నా, ఇది ఐరిస్ కుటుంబపు మొక్క. మన పాయసంలో పడే కుంకుమపువ్వుకీ, బొకేల్లో కనిపించే గ్లాడియోలస్‌కీ చుట్టం. అదెక్కడుందని అడిగితే మమ్మల్ని నడిపిస్తున్న పెద్దావిడ నా కాళ్ల వైపు చూపించారు. చుట్టూ అదేనట! వంగి చూస్తే సన్నటి ఆకులు, వాటి మధ్య మెలితిరిగిన ముదురు నీలం మొగ్గలు. "ఎండ రానివ్వండి, అప్పటిదాకా విచ్చుకోవు," అన్నారావిడ. కాలిఫోర్నియా దాకా వచ్చి మొగ్గలు చూసి పోతావా అని మావాడు గొణిగాడు.

పదిన్నర దాటాక మంచు పలచబడింది. తిరిగి అదే బాటన వచ్చేసరికి ఏటవాలు పొడుగునా నీలం చుక్కలు. ఆవిడ ఇచ్చిన భూతద్దం పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. పువ్వు అంగుళం కన్నా చిన్నది. ఊదా కలిసిన నీలం రేకలు ఆరు, వాటి మీద ముదురు గీతలు, ఒక్కో రేక కొసన సూదిమొన లాంటి చిన్న ముల్లు. నడిమధ్య పసుపు. ఆ పసుపులోంచి మూడు కేసరాలు ఒకదాన్నొకటి అంటుకుని గొట్టంలా లేచాయి. లిల్లీ జాతి పువ్వులో కేసరాలు ఆరుంటాయి, ఇందులో మూడే. అండాశయం కూడా రేకల పైన కాదు, కిందే, పచ్చటి గుండులా. ఆకుల్ని వేళ్లతో విడదీసి చూస్తే మొదలు దగ్గర ఒక ఆకు ఇంకో ఆకుని మడతలో ఇముడ్చుకుని, అన్నీ ఒకే వరుసలో బల్లపరుపుగా పేర్చి ఉన్నాయి. పువ్వు లేనప్పుడు దీన్ని గడ్డినుంచి వేరుచేసే గుర్తు అదే. కాడ కూడా గుండ్రంగా ఉండదు, రెండు వైపులా అంచు తీసినట్టు చదునుగా ఉంటుంది. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజు. కానీ ఒకే డొప్పలోంచి మొగ్గలు వంతులేసుకుని వస్తాయి కాబట్టి వారాల తరబడి పూత కనిపిస్తూనే ఉంటుంది. నేను చూస్తుండగా ఈగంత తేనెటీగ ఒకటి వచ్చి పుప్పొడి తొడలకి పూసుకుని పోయింది. ఇక్కడి మూలవాసులైన ఒలోనీ ప్రజలు ఈ మొక్కతో కషాయం కాచి మందుగా తాగేవారట.

పువ్వు సంగతి ఇంతే. నన్ను అక్కడ ఆపింది దాని కింది నేల. బాట పక్కన ఆకుపచ్చా నీలం కలిసి, తడిమితే సబ్బులా జారే రాళ్లు ఉన్నాయి. ఈ రాయిని సర్పెంటైన్ అంటారు. సముద్రగర్భం అడుగున పుట్టి, భూఫలకాల రాపిడిలో పైకొచ్చిన రాయి. కాలిఫోర్నియా 1965లో దీన్ని తన రాష్ట్ర శిలగా ప్రకటించుకుంది. అయితే ఇది అరిగి ఏర్పడిన మట్టి రైతు మొహం చిట్లించే రకం. కాల్షియం తక్కువ, మెగ్నీషియం మితిమీరి ఉంటుంది, నికెల్, క్రోమియం లాంటి లోహాలు సరేసరి. నత్రజని నామమాత్రం. యూరప్ నుంచి వచ్చి కాలిఫోర్నియా బయళ్లన్నిటినీ ఆక్రమించిన గడ్డిజాతులు ఇక్కడ మాత్రం బతకలేకపోయాయి. అందుకే స్థానిక పూలమొక్కలు ఈ కొండమీద నిలిచాయి.

కోనసీమలో వరిచేల మధ్య పెరిగిన నాకు నేల అంటే బలం ఉండాలి. కానీ యూరియా ఎక్కువైతే ఏమవుతుందో కూడా మాకు తెలుసు. పైరు ఏపుగా లేచి, దోమపోటు తగిలి, చిన్న గాలికే పడిపోతుంది. ఇక్కడ ఆ యూరియా పనిని 280 మీద పోయే కార్లు చేస్తున్నాయి. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, పొగ విషాన్ని తగ్గించడానికి పెట్టిన క్యాటలిటిక్ కన్వర్టర్ల నుంచే వచ్చే అమోనియా, రెండూ ఏటా కొండమీద రాలి మట్టికి బలం ఇస్తున్నాయి. దాంతో ఇటాలియన్ రై గ్రాస్ వచ్చి పడింది. నడుమెత్తు పెరిగి, కింద జానెడు మొక్కల్ని వెలుతురు అందకుండా కమ్మేసింది. మన ఇసబ్‌గోల్ జాతికే చెందిన చిన్న మొక్క ఒకటి అలాగే నలిగిపోయింది. దాని ఆకులు తిని బతికే బే చెకర్‌స్పాట్ సీతాకోకచిలుక 2002 నాటికి ఎడ్జ్‌వుడ్‌లో కనుమరుగైంది. పైగా అది 1987 నుంచీ అమెరికా కేంద్ర ప్రభుత్వ రక్షిత జాబితాలో ఉన్న జీవి. చట్టం కాగితం మీద కాపలా కాస్తుండగానే పోయింది.

స్టువర్ట్ వైస్ అనే శాస్త్రవేత్త 1999లో ఈ కార్ల సంబంధాన్ని తేల్చి రాశారు. శాన్ హోసే దగ్గరి కొండల్లో ఆవులు ఈ గడ్డిని మేసేచోట పూలూ సీతాకోకచిలుకలూ నిలిచాయి, ఆవుల్ని తోలేసినచోట పోయాయి. ఎడ్జ్‌వుడ్‌లో ఆవులు లేవు, అందుకని యంత్రంతో గడ్డి కోస్తున్నారు. అసలు మొక్కలు గింజ రాల్చాక, రై గ్రాస్ గింజ కట్టకముందు కొయ్యాలి. వారం అటూఇటూ అయితే పని చెడినట్టే. 2007లో శాన్ హోసే దగ్గరి కొయోటీ రిడ్జ్ నుంచి చెకర్‌స్పాట్‌ను తెచ్చి మళ్లీ వదిలారు.

ఒకప్పుడు ఈ కొండమీద గోల్ఫ్ మైదానం వెయ్యాలని కౌంటీ ప్రయత్నించిందని చెబుతూ ఆవిడ నవ్వారు. స్థానికులు ఏళ్లకేళ్లు కొట్లాడి ఆపారు. 1993లో దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. గోల్ఫ్ అంటే నాకు పగేమీ లేదు కానీ, ఎరువు పోసి గడ్డి పెంచే ఆటకి ఈ కొండే దొరికిందా అనిపించింది.

తిరుగుదారిలో మావాడు ఆవిడని, ఈ మొక్కని ఇంట్లో వేసుకోవచ్చా అని అడిగాడు. ఇక్కడినుంచి గింజ కూడా తీయకూడదు, స్థానిక మొక్కల నర్సరీలో దొరుకుతుంది అన్నారు. శరత్కాలంలో వానలు మొదలయ్యేటప్పుడు నాటాలి. ఎండాకాలంలో పైభాగమంతా ఎండిపోతుంది, చచ్చిందనుకుని పీకెయ్యొద్దు, నీళ్లు పోస్తూ కూర్చోవద్దు.

"మా లాన్‌కి ఎరువు చల్లడానికి మనిషి వస్తాడు బాబాయ్," అన్నాడు వాడు నావైపు తిరిగి. "అది పడని చోటంటే గరాజ్ పక్కన కంకర పట్టీ ఒక్కటే. అక్కడ ఏదీ మొలవదు."

ఆ మాట ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. అక్కడే వెయ్యమన్నారు.