తొలకరి కబుర్లు: వజ్రాలు, డ్రోన్లు, సెల్ స్టార్టర్లు

మృగశిర కార్తె వస్తే మా కర్నూలు జిల్లాలో రెండు రకాల జనం పొలాలకు పోతారు. విత్తనం వేసేవాళ్లు కొందరు, తల వంచుకుని నేల వెతికేవాళ్లు ఇంకొందరు. తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర వైపు నాలుగు చినుకులు రాలితే చాలు, వాన కడిగిన మట్టిలో వజ్రం మెరుస్తుందని పక్క జిల్లాల నుంచి కూడా సద్దులు కట్టుకుని వచ్చేస్తారు. దొరికినవాడి సంగతి మర్నాడు పేపర్లో వస్తుంది. దొరకనివాళ్ల లెక్క ఎవరూ రాయరు. గట్టు మీద టీ, బజ్జీలు అమ్మేవాళ్లకు మాత్రం రోజూ గిట్టుతుంది. స్టార్టప్‌ల వార్తలు చదివినప్పుడల్లా నాకు ఈ చేలే గుర్తొస్తాయి.

ఇప్పుడు మా జిల్లాలో ఎవరి నోట విన్నా ఓర్వకల్లే. 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలుకొచ్చి ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక ప్రాంతాలకు శంకుస్థాపన చేసిపోయారు. రెండింటికీ కలిపి 4,920 కోట్ల పైమాట. ఓర్వకల్లులో డ్రోన్ సిటీకే 300 ఎకరాలన్నారు. కడప పక్కన కొప్పర్తిలో అయితే ఏఐఎల్ డిక్సన్ వాళ్ల సీసీ కెమెరాలు ఇప్పటికే తయారవుతున్నాయి. సీమ అనగానే సినిమావాళ్లకు బాంబులే కనిపిస్తాయి, ఊళ్లకు కాపలా కాసే కెమెరాలు ఇక్కడ బిగిస్తున్న సంగతి వాళ్లదాకా పోయినట్టు లేదు.

ఓర్వకల్లుకు వ్యాపారం కొత్తేమీ కాదు. డ్రోన్ అన్న మాట ఇటువైపు వినపడకముందే అక్కడ ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచిపెట్టి సంఘాలు కట్టారు. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దన్నుతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైన పని అది. ఆ సంఘాలన్నీ కలిసిన పొదుపులక్ష్మి ఐక్య సంఘం అప్పులిచ్చింది, వసూలు చేసుకుంది, బాలభారతి పేరుతో సొంత బడి కూడా పెట్టుకుంది. నన్నడిగితే జిల్లాలో అసలైన స్టార్టప్ అదే. దానికి ఎవరూ ఆ పేరు పెట్టలేదంతే.

ఇదెందుకు చెప్తున్నానంటే, మందు కొట్టే డ్రోన్ ఒక్క రైతు కొని గట్టెక్కే వస్తువు కాదు. పది లీటర్ల ట్యాంకుతో ఎకరా మందు పది నిమిషాల్లో అయిపోతుంది, నిజమే. మరి మిగతా రోజులంతా అది కొట్టంలో పడుండాల్సిందే గదా! బ్యాటరీ ఖర్చు వేరే. మహిళా సంఘాలకు కేంద్రం 80 శాతం, ఎనిమిది లక్షల దాకా రాయితీ ఇస్తానన్నది. డ్రోన్ సంఘం చేతిలో ఉంటేనే ఈ చేనుకూ ఆ చేనుకూ తిరిగి నాలుగు రూపాయలు తెస్తుంది.

ఇక ఫోన్ యాప్‌ల విషయానికొస్తే, ఉల్లి ముచ్చట ఒకటి. మార్కెట్ యార్డు ధర ఇప్పుడు రైతు ఫోన్లోనే కనిపిస్తుంది. అయినా 2025లో కర్నూలు ఉల్లి ధర పడిపోయి, ఆగస్టు చివర్లో ప్రభుత్వమే క్వింటా 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. ధర ఎంత పడిందో ఇంట్లో కూర్చునే తెలుసుకున్నారు, యాప్ వల్ల ఒరిగింది అదే.

చప్పుడు చేయకుండా వచ్చి నిజంగా పనికొచ్చింది సెల్ స్టార్టర్. బోరు దగ్గర సిమ్ వేసిన డబ్బా పెడితే, మంచంలో పడుకుని ఫోన్ కొట్టినా మోటారు ఆడుతుంది. పూణేవాళ్ల నానో గణేశ్, బెంగళూరువాళ్ల కిసాన్ రాజా ఈ దారిలో ముందు నడిచాయి. అర్ధరాత్రి టార్చి పట్టుకుని పాముల మధ్య నడిచిన రైతునడగండి, దాని విలువ చెప్తాడు.

చిక్కల్లా మనిషి పనిలేకుండా మోటారు లేపే ఆటో స్టార్టర్లతోనే. కరెంటు రాగానే లైను మీదున్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కో మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, అందరి పంటా ఎండుతుంది. ఒక్కో మోటారు నిమిషం తేడాతో లేచేట్టు టైమర్లున్నాయి, కానీ అందరూ పెట్టుకుంటేనే ఫలం. నా మోటారే ముందు ఆడాలంటే కుదరదు.

జగన్నాథగట్టు మీది ట్రిపుల్‌ఐటీ పిల్లలూ, ఇడుపులపాయ పిల్లలూ! ఇంకో ఫుడ్ డెలివరీ యాప్ ఎందుకు గానీ, ఈ సెలవుల్లో మీ ఊళ్లో ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరినీ కూర్చోబెట్టి మోటార్లు లేచే ఆ వరస కుదిర్చి చూడండి.