మేము చెప్పిన హితవు

నవలలు చదివి కన్నీరు విడుచుట పాఠకసోదరీమణులకు క్రొత్త కాదు. కాని నవల చదివి సిగ్గుపడుట యెందరికి సంభవించునో మేమెరుగము. మాకు సంభవించినది. అందుచేతనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా నివాసము రామచంద్రాపురము. హైదరాబాదునుండి సంగారెడ్డికి పోవు రహదారిపై పటాన్‌చెరువునకు ముందు వచ్చు ఊరు. ఒకప్పుడు జొన్నచేలును చెరువులును ఉండిన యీ నేలపై 1960 తరువాతి దశాబ్దములలో కర్మాగారములు వరుసగా వెలసినవి. పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము, ఇస్నాపురము, ఎటు చూచినను పొగగొట్టములు, మందుల కంపెనీలు, ఇనుప రేకుల షెడ్లు. ఇక్కడి యిండ్లలో కాలము గడియారముతో గాక షిఫ్టుతో నడచును. ఉదయపు షిఫ్టునకు పోవువానికి అన్నము కట్టి పంపునప్పటికి రాత్రి షిఫ్టువాడు ఇల్లు చేరును. ఇట్టిచోట ప్రేమకథ యేమని మీరు నవ్వవచ్చును. కాని ఊరూరినుండి వచ్చిన యువతీయువకులు ఒకే బస్సులో పోయి, ఒకే చౌరస్తాలో దిగి, ఒకే కొట్టువద్ద టీ త్రాగుచోట మనస్సులు మాత్రము కలియకుండునా?

మా చెల్లెలి కుమార్తె సంగారెడ్డిలో డిగ్రీ ముగించి, పటాన్‌చెరువు చెంత నొక మందుల కర్మాగారపు ప్రయోగశాలలో పనికి కుదిరి, మా యింటనే యుండెడిది. తండ్రి లేని పిల్ల. తల్లి యన్నిటికిని మా మాటపైననే ఆధారపడెడిది. అప్పుడా పిల్లకు ఇరువది రెండేండ్లు. బస్సులో పరిచయమైన యొక యువకుడు, బాయిలరువద్ద కాంట్రాక్టు పనివాడు, ఆమెను వివాహమాడ గోరెను. చాటుమాటు వ్యవహారము కాదు. ఒక ఆదివారమునాడు తన మేనమామను వెంటబెట్టుకొని మా గుమ్మములోనికి వచ్చి, కూర్చుండుటకు సంకోచించుచునే విషయము చెప్పెను. చెల్లెలు మావైపు చూచెను.

మేమేమి చెప్పితిమో యిప్పటికిని మరువలేదు. “వాని పని నేడుండి రేపుండనిది. కంపెనీకి తాళము పడిన దినమున పిల్ల గతి యేమి? కొంచెము ఓపిక పట్టిన మంచి సంబంధములు వచ్చును” అంటిమి. పిల్ల యెదురాడలేదు. ఆమె మనస్సున నేమున్నదని మేమడుగను లేదు. ఆ యువకుడు మరుసటి యేడు దుబాయి పోయెనని వింటిమి. మాకు ఊరట కలిగినదనుట నిజము.

మంచి సంబంధములు వచ్చినవి. పిల్ల ఒక్కటియు ఒప్పలేదు. ఏడ్వలేదు, అలుగలేదు. ఉద్యోగమునకు పోవుచు, తల్లి మోకాళ్లకు నూనె రాయుచు, మా మనుమలకు లెక్కలు నేర్పుచు తొమ్మిదేండ్లు గడపెను. మొండితనమనుకొంటిమి. కాలమే మరపించునని చెల్లెలికి ధైర్యము చెప్పుచుంటిమి.

ఒకనాడు పిల్ల బల్లపై ఒక ఆంగ్లనవల కనబడినది. జేన్ ఆస్టెన్ రచించిన ‘పర్సుయేషన్’. నచ్చజెప్పుట యని ఆ పేరునకు అర్థము. 1817 జూలైలో రచయిత్రి మరణించిన పిమ్మట, ఆ డిసెంబరు కడపట ఈ గ్రంథము వెలువడినది. కథ చిన్నది. ఆన్ ఇలియట్ అను ఉన్నతకుటుంబపు కన్య పందొమ్మిదవ యేట ఫ్రెడరిక్ వెంట్‌వర్త్ అను నావికోద్యోగిని ప్రేమించి వివాహమునకు మాట యిచ్చును. అతనికి ఆస్తి లేదు. తల్లి లేని ఆన్‌కు తల్లివలె నున్న లేడీ రస్సెల్ అను పెద్దావిడ, పిల్ల మేలు కోరియే, ఈ వివాహము వలదని నచ్చజెప్పును. ఆన్ లోబడును. అతడు మనసు విరిగి సముద్రముపైకి పోవును. ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట, యుద్ధములో శత్రునౌకలను పట్టి ఇరువదియైదువేల పౌనులు గడించి, కెప్టెనుగా మరల ఆ పరిసరములకే వచ్చును. ఆన్‌కు అప్పటికి ఇరువది యేడేండ్లు. రూపము వాడినది గాని ప్రేమ వాడలేదు.

చదివినవారందరును ఆన్ కొరకు కన్నీరు విడుతురు గాబోలు. మేము మాత్రము లేడీ రస్సెల్ యెదుట, అద్దము ముందు నిలిచినట్లు నిలిచితిమి. ఆమె దుష్టురాలు కాదు. ఆమె ప్రేమలో కపటము లేదు. మంచి మనస్సుతో ఒకరు చేసిన తప్పునకు శిక్ష వేరొకరు అనుభవించుటయే ఆ కథలోని దుఃఖము.

ఇంకొక విశేషము కలదు. రచయిత్రి 1816లో కథను ముగించి, ఆ ముగింపుతో తృప్తి చెందక తిరిగి వ్రాసెను. విడిచిపెట్టిన యా ప్రకరణముల చేవ్రాత నేటికిని లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగా నున్నది. మొదటి ముగింపులో, ఆన్ వేరొకరిని పెండ్లాడబోవుచున్నదా యని వెంట్‌వర్త్ తన బావగారి తరపున అడుగవలసివచ్చును. ఆమె కాదనును. అంతట ఇరువురును కలియుదురు. మార్చిన ముగింపు వేరు. ఆశ లేని వేళ సైతము ప్రేమను నిలుపుకొనుట స్త్రీకే యెక్కువ చేతనగునని ఆన్ మరియొక నావికునితో వాదించుచుండును. అదే గదిలో ఉత్తరము వ్రాయుచున్న వెంట్‌వర్త్ ఆ మాటలు విని, తన హృదయమును కాగితముపై పెట్టి ఆమెకందునట్లు చేయును. మొదటిదానిలో ఆన్ జవాబు మాత్రము చెప్పినది. రెండవదానిలో తానై మాటాడినది. ఒక స్త్రీకి తన మనస్సు చెప్పుకొను చోటు కల్పించుటకై ఆ రచయిత్రి, ఆరోగ్యము చెడుచున్న దినములలో, అంత శ్రమపడెను. మేము మా పిల్లకు ఒక్క ప్రశ్న వేసి యా చోటు ఈయలేకపోయితిమి.

పుస్తకము ముగించిన కొన్ని నెలలకు ఆ యువకుడు తిరిగి వచ్చెను. కథలోవలె రాలేదు. తండ్రి చేసిన అప్పు తీర్చి, ఎడమచేతి రెండు వ్రేళ్లు యంత్రమున పోగొట్టుకొని, మిగిలిన కొద్దిపాటి సొమ్ముతో ఇస్నాపురము చౌరస్తాలో వెల్డింగు దుకాణము పెట్టుకొనెను. వివాహము చేసికొనలేదు. ఒక సాయంకాలము వాన కురియగా పటాన్‌చెరువు బస్టాండులో ఇరువురును ఒకే కప్పు క్రింద నిలిచిరట. “బాగున్నావా?” అని అతడు. “బాగున్నాను” అని యీమె. బస్సు వచ్చినది. ఈమె యెక్కలేదు.

ఆ రాత్రి యీ సంగతి చెప్పి, “పెద్దమ్మా, ఇప్పుడేమంటావు?” అని మమ్మడిగెను.

నవలలో లేడీ రస్సెలునకు వచ్చిన పరీక్ష సులభమని అప్పుడు తోచినది. ధనవంతుడై వచ్చినవానిని అంగీకరించుటకు ఎంత ఔదార్యము కావలెను? పొరబడితినని ఒప్పుకొనిన చాలును. మాకా సౌకర్యము లేదు. తొమ్మిదేండ్ల క్రిందట మేము చూపిన కారణములన్నియు అట్లే యున్నవి. పైగా రెండు వ్రేళ్లు తక్కువ. లోకరీతిని చూచిన మా హితవు సరియైనదేయని నేటికిని వాదింపవచ్చును. అయినను అది తప్పు. ఏలనన, మేము వేసిన లెక్కలో ఆమె మనస్సు అను అంకె లేనేలేదు.

“మేమేమందుమని కాదు. నీ మాట చెప్పు” అంటిమి.

పిల్ల చాలసేపు ఊరకుండి, “నేను అతనికొరకు కాచుకొని యుండలేదు పెద్దమ్మా. వేరొకరికి ఇచ్చుటకు నాయొద్ద ఏమియు మిగులలేదు, అంతే” అనెను. తొమ్మిదేండ్లు మొండితనమని మేము పేరు పెట్టినది ఇది.

ఆ రాత్రి నిద్ర పట్టక, భారతము ఆదిపర్వములోని తపతీసంవరణుల కథను తలచుకొంటిమి. అది మా ప్రాంతమునకు దగ్గర చుట్టము. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరకవి ఈ కథనే ప్రబంధముగా వ్రాసి అంకితమిచ్చెను. ఆ కాలముననే పొన్నిగంటి తెలగనార్యుడు అచ్చతెనుగున యయాతిచరిత్రమును రచించి పటాన్‌చెరువు అమీనుఖానునకు అంకితమొనర్చెను. ఆ ఖాను సమాధి నేటికిని కర్మాగారముల నడుమ ఈ యూరనే యున్నది. సంవరణమహారాజు సూర్యుని కూతురు తపతిని కొండపై చూచి మోహించి మూర్ఛిల్లును. ఆమెకును అతనిపై మనస్సు కలదు. కాని తాను స్వతంత్రురాలను కానని, తండ్రి నడుగుమని చెప్పి అదృశ్యమగును. రాజు పండ్రెండు దినములు సూర్యు నారాధింపగా కులగురువు వసిష్ఠుడు వచ్చి, అతని మనస్సు గ్రహించి, తానే సూర్యునికడకు పోయి అడిగి, తపతిని తోడ్కొని వచ్చును. ఈ కథలోను ఒక పెద్ద కలడు. లేడీ రస్సెల్ కూర్చున్నచోటనుండియే వలదనెను. వసిష్ఠుడు లేచి పోయి అడిగెను. పెద్దరికము ఈ రెండు విధములుగా నుండును.

మరునాడు మేము ఇస్నాపురము పోయితిమి. అతడు మమ్ము గుర్తించి, స్టూలును గుడ్డతో తుడిచి వేసి, తాను నిలిచియే యుండెను. “అప్పుడు నీవు మా యింటికి వచ్చి అడిగితివి. ఇప్పుడు మేము వచ్చితిమి” అంటిమి. అంతకుమించి మాట రాలేదు.

గత మాఘమాసమున సంగారెడ్డిలో వివాహము జరిగినది. ఇక సుఖాంతమని వ్రాసి కలము దించవచ్చును గాని మన పూర్వులు అంత తొందరపడలేదు. తపతీసంవరణులు పండ్రెండేండ్లు వనములలో విహరించుచుండగా రాజ్యమున వాన కురియలేదట. వసిష్ఠుడు పోయి వారిని పట్టణమునకు తెచ్చిన పిమ్మటనే వర్షము పడెను. కలియుటతో కథ ముగియదు. మా పిల్ల యింటను దుకాణపు అద్దె కలదు, అత్తగారి మందులు కలవు, ఒక్కొక్కప్పుడు మాటపట్టింపులును కలవు. కాని సాయంకాలము కంపెనీ బస్సు ఇస్నాపురము చౌరస్తాలో ఆగునప్పుడు, ముఖముపై కవచము పైకెత్తి బస్సువైపు చూచు ఒకడు కలడు.

నవల చివర ఆన్, పెద్దావిడ సలహా తప్పే యైనను తాను లోబడుట ధర్మమేయని చెప్పి ఆమెను క్షమించును. మా పిల్ల అట్టి మాట అనలేదు. అనవలెనని మేము కోరుటయు లేదు. ఆ తొమ్మిదేండ్లు మేము తిరిగి ఈయలేము గదా!

సోదరీమణులారా! మీ యింటికిని ఒక ఆదివారమున ఎవరో సంకోచించుచు రావచ్చును. అతని జీతము విచారింపుడు, నడవడి విచారింపుడు. అది మన కర్తవ్యము. కాని అన్నిటికంటె ముందు మీ పిల్లను లోపలికి పిలిచి ఒక్క ప్రశ్న వేయుడు. ఆమె జవాబు ముగియువరకు మీరు నోరు మెదపకుడు.